దూరపు చుట్టం

పెదజాలరిపేట నుంచి వచ్చిన నమూనా
నల్లటి బొగ్గు అగరు మీద
నాలుగో రోజుకి గానీ కన్ను తెరవలేదు.
పాదరసం చిందినట్టు
సన్నటి, మెరిసే చుక్కలు.
చీటీ మీద పేరు లేదు.
"బంగారమ్మ బిడ్డ, ఆడ, డెబ్భై రోజులు."

నేను డాక్టర్ని కానని తెలిసీ
వార్డు వరండాలో తల్లి నన్నే ఆపింది.
"కోరింత దగ్గేనా మేడమ్?
కూత కూడా రాదు దీనికి,
నీలంగా అయిపోయి
ఊపిరి తియ్యడం మర్సిపోతంది.
మా వీధిలో కుక్క కూడా దగ్గుతంది, అదేటి మరి?"

నా దగ్గరున్నది ఒక కుందేలు జ్ఞాపకం.
చిన్న సీసాలో, ఫ్రిజ్‌లో రెండో అరలో.
ఎప్పుడో ఎవరో దానికి
చచ్చిన కోరింత సూక్ష్మజీవుల్ని పరిచయం చేశారు.
కుందేలు పోయింది.
దాని రక్తం మాత్రం ఆ ముఖాన్ని మరవలేదు.

గాజు పలక మీద ఒక చుక్క ఆ జ్ఞాపకం,
ఒక చుక్క బంగారమ్మ బిడ్డ.
ఉయ్యాల ఊపినంత మెల్లగా ఊపాను.
నిమిషంలోపే పాలు విరిగినట్టు
పలుకులు పలుకులుగా గుమిగూడాయి.
దొరికింది, అనుకున్నాను.

అలవాటుకొద్దీ పక్క గడిలో
పశువుల ఆసుపత్రి వాళ్ళిచ్చినది పెట్టాను.
ఫిషింగ్ హార్బర్లో ఐసు గోదాము చుట్టూ
దగ్గుతూ తిరిగే గోధుమరంగు కుక్కది.
అదీ విరిగింది.
కొంచెం ఆలస్యంగా, కొంచెం పలచగా,
అయినా విరిగింది.

ఒక్క పిలుపుకి ఇద్దరు తిరిగి చూశారు.

పైడిశెట్టి మేడమ్ కళ్ళద్దాలు నుదుటికెత్తి,
"ఇంటిపేరు ఒకటే కదమ్మా, పలకవా మరి?"
నాలుగు రోజుల ఆలస్యం ఒక సాక్ష్యమే,
ఒక్క సాక్షి మీద రిపోర్టు రాయలేం.

కుక్కదాన్ని చిక్కగా తీసి
సీరంలో కలిపి వెచ్చగా ఉంచాను.
దాన్ని పట్టుకోగల చేతులన్నీ
దాన్నే పట్టుకుని
సెంట్రిఫ్యూజ్ సుడిలో అడుక్కి దిగిపోయాయి.
పైతేట తీసి మళ్ళీ.
మళ్ళీ.
మధ్యలో కరెంటు పోయింది.
పోర్టు బొగ్గుధూళి కిటికీ సందులోంచి వచ్చి
బల్ల మీద తన సంతకం చేసింది.
అర్ధరాత్రి దాటాక ఏదో ఓడ
గొంతు సవరించుకుంది.

చుట్టాలందర్నీ సాగనంపాక మిగిలిన తేట
ఒక్కరినే ఎరుగును.
కుక్క చుక్క పాలలాగే ఉండిపోయింది, ఎంత ఊపినా.
బిడ్డది విరిగింది.

ఒక గీత కొట్టి, ఒక మాట రాసి, సంతకం పెట్టాను.
"కుక్కది కాదు," అన్నాను బంగారమ్మతో.
అది మంచి వార్తో కాదో
ఇద్దరికీ తెలియలేదు.
మందు మారింది. దగ్గు మారలేదు ఇంకా.

తెల్లారి జగదాంబ దగ్గర బస్సెక్కాను.
వెనక సీటులోంచి ఎవరో భుజం మీద చెయ్యి వేసి
"గవరమ్మా!" అంది.
కాదన్నాను.
"అయ్యో, పోలిక..." అని ఆగిపోయింది, చెయ్యి తియ్యకుండానే.
నా గెడ్డమా, జడా, కూర్చున్న తీరా,
నాలో ఏ ముక్కకి
ఆమెలోని గవరమ్మ గుమిగూడిందో.
ఎన్నిసార్లు వడపోస్తే
నేను ఆమెకి పరాయిదాన్నవుతానో.

ఆశీల్‌మెట్ట వచ్చేదాకా
ఆ చేతిని అలాగే ఉండనిచ్చాను.