శివారు

పెట్టె చిన్నదే.
రెండు చెవులు, ఆరు నోళ్లు.
రాకులో అడుగున బిగించి కరెంటిస్తే
నీలం తెర వెలిగించుకుని
ఏం చెయ్యమంటావని కూచుంటుంది.

మా నాన్న తాతబ్బాయి, లొల్ల లాకుల దగ్గర లస్కరు.
ఏ కాలవకి ఎంత, ఏ తూముకి ఎన్నంగుళాలు
మర తిప్పే చేతికే తెలిసేది ఆయనకి.
నేను చదువుకున్న ఇంజినీరింగల్లా
ఆ గట్టు మీద కూచుని చూసిందే.

అందుకే క్రాసోవర్ అన్న మాట చదవగానే
నాకు లాకులు కనపడ్డాయి.
వచ్చేది ఒక్కటే గోదారి.
నూరు హెర్ట్జ్‌కి దిగువదంతా నేల మీద సబ్బులకి
– ఒంటికి రాసుకునేవి కాదు పిన్నీ, అని
పకోడీల బండి దగ్గర ఏసోబు వివరిస్తున్నాడు –
అక్కణ్ణించి పదహారువందల దాకా పెద్ద కోన్లకి,
ఆపైన మిగిలిన సన్నధార హారన్లకి.
గట్టు వాలు నిటారుగా పెట్టాను, ఇరవై నాలుగు.
వాలు మందగిస్తే ఒకడి చేలోది ఇంకొకడి చేలోకి ఊరుతుంది.
తగువులొస్తాయి.

కాట్రేనికోన అవతల, దాళ్వా కోసేసిన చేను.
మోళ్లు ఇంకా కాళ్లకి గుచ్చుకుంటున్నాయి.
రాత్రికి పద్యనాటకాల పోటీ.
ఎడం వైపు ఒక్కటీ పెడితే బాగుంది.
కుడి వైపు ఒక్కటీ పెడితే బాగుంది.
రెండూ కలిపితే నడిమధ్య, ఆడవాళ్లకి చాపలు పరిచిన చోట,
తబలా అడుగు మాయం.
కొడుతున్నాడు, చెయ్యి కనిపిస్తోంది, దెబ్బ లేదు.
ఏసోబు ఒక తీగ తిరగేసి కట్టాడు.
ఒకటి తోస్తుంటే రెండోది లాగుతోంది.
ఇద్దరూ గట్టిగానే మాట్లాడి
మధ్యలోవాడికి ఏమీ మిగల్చని పెద్దమనుషుల్ని
పంచాయితీల్లో చూశాను.
ప్లస్‌ని మైనస్ చేశాను, ఒక్క మీట.
చాప మీద నిద్రపోతున్న పసిది ఉలిక్కిపడి లేచింది.
వాళ్లమ్మ నన్ను తిట్టింది. సరే, పనిచేసినట్టే.

వెనక వరసలకి వేరే స్తంభం, దాని మీద రెండు బాక్సులు.
టేపు దొరక్క కొబ్బరితాడుతో కొలిచాం: ముప్పై అయిదు మీటర్లు.
తీగలో మాట పరుగెడుతుంది, గాలిలో మాట నడుస్తుంది.
నడిచొచ్చేవాడి కోసం పరుగెత్తేవాణ్ణి ఆపాలి.
నూరు మిల్లీసెకన్లు.
పైన ఇంకో పది, మర్యాదకి;
ముందు స్టేజీ మీది మనిషి చెప్పాలి,
తరవాతే స్తంభం వంత పాడాలి.

చీకటి పడ్డాక కుర్రాళ్లొచ్చారు.
ఆయ్, కొంచెం బేసు లేపన్నా, గుండెలదరాలి.
లిమిటర్ దీపాలు చూపించాను.
ఆకుపచ్చ ఒకటో నంబరు హెచ్చరిక, పసుపు రెండోది,
ఎర్రది వెలిగిందా, మూడోది, ఇక ఊళ్లు ఖాళీ చెయ్యాలి.
పోయినేడు నేను లేనప్పుడు ఎవడో లేపాడు.
కోను చిరిగింది, పన్నెండు వేలు గండి.
ఇప్పుడు పెట్టెకి తాళం, నాలుగంకెలు.
చెప్పను గానీ, ధవళేశ్వరం గేజీ విన్న ఇంటివాడు
మూడో ప్రయత్నానికి కనుక్కుంటాడు.

పదకొండున్నరకి గుబ్బల వీర్రాఘవులు గారు పద్యం ఎత్తుకున్నారు.
చివరి పాదం మీద రాగం తీస్తూ, తీస్తూ,
మైకుకి మరీ దగ్గరికి జరిగారు.
సన్నగా ఒక ఈల మొలకెత్తబోయింది.
రెండున్నర వేల దగ్గర ఇరుకుగా ఒక గాడి తీశాను,
మూడు డీబీలు, గోరంత.
ఈల పోయింది. రాగం దాని దారిన అది పోయింది.
రైసుమిల్లు గోడ మాత్రం చివరి ముక్క
మళ్లీ ఒకసారి అంది.
దానికి నా పెట్టెలో పేజీ లేదు.

తాడు కొలిచిన దారినే వెనక్కి నడిచి చూశాను.
స్తంభం పక్కనే వేరుశనక్కాయలమ్మే ముసలాయన,
పొట్లం కట్టడం మానేసి, నోరు తెరిచి,
స్టేజీ వైపే చూస్తున్నాడు.
చెవి పక్కనున్న బాక్సు కేసి
ఒక్కడూ తల తిప్పలేదు.

తెల్లవారుజామున నాన్న ఫోను.
ఏ పని మీద వెళ్లినా ఆయన అడిగేది ఒకటే.
శివారుకి అందిందా?
అందింది.
అయితే గేట్లు దించి పడుకో.