మూడు కలుపుకో

హువాన్ లోయలో సెప్టెంబరంటే
చెర్రీలు ఒళ్ళు మరిచి పూసే నెల.
మంచు మాత్రం ఏమీ మరవదు.

పువ్వుకి సున్నా అంటే భయం లేదు,
మైనస్ ఒకటి దాకా పళ్ళు బిగించి ఓర్చుకుంటుంది.
రెండు దాటిందా,
తెల్లారేసరికి లోపలి ఆకుపచ్చ చుక్క
కాలిన అగ్గిపుల్ల కొసలా నల్లబడుతుంది.
ఆ ఒక్క డిగ్రీ వెడల్పున నా ఏడాది సంపాదన.

పంపు వేస్తే కొమ్మల మీద నీళ్ళు చల్లుతుంది.
నీళ్ళు గడ్డకడుతూ గడ్డకడుతూ
తమ ఒంట్లో వెచ్చదనం పువ్వుకి వదిలేస్తాయి.
కానీ ఆ పంపు డీజిలు తాగుతుంది,
పెళ్ళింటి విందులో వియ్యంకుడిలా, వద్దనడానికి లేకుండా.
ఊరికే వేస్తే డబ్బు దండగ,
వెయ్యకపోతే తోట దండగ.
తెల్లవారుజామున మూడింటికి
ఎవరో ఒకరు నాకు నిజం చెప్పాలి.

వాతావరణ యంత్రాల వెల తొమ్మిది వందల డాలర్ల దగ్గర మొదలైంది.
నా పర్సు నూరు దగ్గరే కూలబడింది.

పక్క తోట డెన్జిల్ దగ్గర ఆ తొమ్మిది వందలదే ఉంది.
రంగుల తెర, చంద్రకళలు,
రేపటి వానకి ఇవాళే ఏడ్చే బొమ్మ మబ్బు.
"కొంటే ఇదే కొను నెరిడా," అన్నాడు.
రేకుల కప్పు మీద పొగగొట్టం పక్కన నిలబెట్టాడు దాన్ని.
నిరుడు మంచు పడ్డ రాత్రి అది చెప్పింది: మూడు డిగ్రీలు.
అబద్ధం కాదు. పొగగొట్టం పక్కన మూడే.
డెన్జిల్ కాళ్ళు కాచుకుంటున్న పొయ్యిని
అది దశాంశంతో సహా కొలిచింది.
ఏప్రికాట్లేమో కింద పల్లంలో ఉన్నాయి.

హోబార్ట్ దుకాణంలో కుర్రాణ్ణి అడిగాను,
నచ్చకపోతే తిరిగి తీసుకుంటారా అని.
పద్నాలుగు రోజులన్నాడు.
మూడు కొన్నాను.
వాడి కళ్ళల్లో నేను కోటీశ్వరురాలిని.

వంటింటి బల్ల మీద, తువ్వాలులో చుట్టి
అప్పడాల కర్రతో ఐసు దంచాను.
పాత జామ్ బకెట్లో పోసి కాసిని నీళ్ళు.
కరుగుతున్న ఐసు ఎక్కడైనా సున్నాయే,
గవర్నరు గారింటి వెండి గిన్నెలోనైనా,
మూత పోయిన నా బకెట్లోనైనా.
మూడు కొలత పుల్లల్నీ సంచుల్లో కట్టి ముంచాను.
టీ కాచుకున్నాను. కలియబెట్టాను. మళ్ళీ చూశాను.

నలభై డాలర్లది ఒకసారి ఒకటిన్నర అంది,
ఇంకోసారి సున్నా పాయింట్ ఆరు,
మూడోసారి నా మొహం చూసి ఏదో ఒకటి అంది.
నాలుగు వందలది సరిగ్గా సున్నా.
దాని పెట్టె ఎంత నిమిరినా
అందులో నాకు నాలుగు పీపాల డీజిలే కనిపించింది.
నూట పదిది మైనస్ సున్నా పాయింట్ మూడు.
మళ్ళీ మైనస్ మూడు. మర్నాడూ అదే.
రోజూ ఒకే తప్పు చేసేవాడితో కాపురం చెయ్యొచ్చు,
తప్పు మార్చుకుంటూ పోయేవాడితోనే కష్టం.
దాన్నే ఉంచుకున్నాను.
తెర మీద టేపు అంటించి రాశాను: మూడు కలుపుకో.

పూలకుండీల కింది తెల్ల పళ్ళేలు ఏడు
బోర్లించి పేర్చి, దానికి గొడుగు కట్టాను.
పల్లంలో, చిట్టచివరి వరసలో,
పూత ఎంత ఎత్తున ఉందో అంత ఎత్తున పాతాను.
గాలి కప్పుల్లో వారం తిరక్కుండా సాలీడు కాపురం పెట్టింది.
మూడు రోజులుగా లోయలో గాలి సున్నా.
ఆ సున్నాని మాత్రం నమ్మలేదు.

నిన్న రాత్రి రెండూ యాభైకి లేచాను.
ఆకాశం తుడిచిన పళ్ళెంలా ఉంది, అన్ని చుక్కలూ ఉన్నాయి.
తెర మీద మైనస్ ఒకటి పాయింట్ ఎనిమిది.
మూడు కలుపుకుంటే ఒకటిన్నర. ఇంకా దిగుతోంది.
ఒక చేత్తో బూట్లు, ఒక చేత్తో ఫోను.
డెన్జిల్ నిద్రగొంతుతో అన్నాడు,
"నా దాన్లో మూడున్నర చూపిస్తోందే."
"మీ ఇంటి కప్పు పూత పూసిందా, డెన్జిల్?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు.
నా పంపు దగ్గుతూ అందుకున్నాక,
కొండకి అవతల ముందు అతని కుక్క మొరిగింది,
తర్వాత అతని పంపు.