మేజోడు గీత పైన

ఫిబ్రవరి. బెండిగో. నలభై ఒక్క డిగ్రీలు.
హార్‌గ్రీవ్స్ వీధి తారు నా బూట్లని
వదల్లేక వదులుతోంది.
కాలికి బలపం కట్టుకున్నదాన్ని నేను,
జీతానికి.
గడువు దాటి ఆగిన కార్లకి
చీటీలు అంటించే ఉద్యోగం.

ఇంటికొచ్చి మేజోళ్ళు విప్పితే
ఎలాస్టిక్ గీత దాకా కాలు నాదే.
గీత పైన
పారాణి దారితప్పి పిక్కలెక్కినట్టు
ఎరుపు, ఎరుపులో ఊదా,
కందిగింజంతేసి చుక్కలు.
దురద కాదు. మంట.
ఫ్రీజర్లో బఠాణీల పొట్లం తీసి
కాలికి కట్టుక్కూచున్నాను.

చీమలేమో, అన్నాడు మా ఆయన
కళ్ళజోడు వెతుక్కుంటూ.
చీమలు గీత గీసుకుని కుడతాయా?

డాక్టర్ ట్రెజీజ్ గాజు గ్లాసు తెప్పించింది
వాళ్ళ టీ గదిలోంచి, అంచున లిప్‌స్టిక్ మరకతో.
పిక్క మీద ఆనించి నొక్కింది.
చుట్టూ చర్మం తెల్లబోయింది.
చుక్కలు తెల్లబోలేదు.
"చూశావా, ఇది నాళం దాటేసిన నెత్తురు.
నొక్కితే వెనక్కి పోదు.
సన్న నాళాలు వాచాయి.
ఎండ, నడక. అంతే."

అంతేనా?

నేను వేరే లెక్క తెచ్చుకున్నాను.
ఆ ఉదయం వ్యూ స్ట్రీట్‌లో
వెండిరంగు కారాయన
నేనిచ్చిన చీటీని నాలుగు ముక్కలు చేసి
నా చొక్కా జేబులో పెట్టి, పైన తట్టాడు.
"థాంక్యూ సర్" అన్నాను.
అనేశాను.
అరికాలి మంట నెత్తికెక్కాలి కదా, మన మాట ప్రకారం.
నాది మోకాలి కిందే ఆగిందనుకున్నాను,
పైకి పోయే అనుమతి లేక.

ఆవిడకిది చెప్పబోయాను.
ఇంగ్లీషు కాలికి నెత్తి అతకలేదు.
"కాళ్ళు ఎత్తులో పెట్టుకో. చల్లటి గుడ్డ. పది రోజులు"
అని రాసిచ్చింది.
నేను రాసేలాంటిదే చీటీ,
గడువుతో సహా.

మూడు రోజులు నేరేడు.
తర్వాత తుప్పు.
ఆపైన, ఒలికి ఆరిన టీ మరక.
పది రోజులకి నిజంగానే పోయింది.
దిండ్ల మీద పాదాలు పెట్టుకుని
ఆ సెలవంతా నేను చేసిన పని ఒక్కటే:
నాలుగు ముక్కల్నీ అంచుకి అంచు చేర్చి
టేపుతో అతికించడం.

రేపు డ్యూటీ. మళ్ళీ నలభై అంటున్నారు.
మోకాళ్ళ దాకా వచ్చే మేజోళ్ళు కొన్నాను.
చీటీ జేబులోనే ఉంది.
కారు నంబరు
చదవొస్తోంది.