చెంచాల లెక్క

సోహార్‌ల రాత్రి డ్యూటీ.
ఇరవై మూడు మంది పిల్లలు, నలుగురు గార్డులు,
ఒక వంటాయన, పదకొండు తాళాలు.
అన్నిటికీ లెక్క రాసేది నేను.

బోర్డు మీద సంరక్షణ గృహం అని ఉంటది.
ఈ గృహంల బూట్లకు లేసులుండవు,
ప్యాంట్లకు బెల్టులుండవు, అద్దం కూడ గాజుది కాదు.
పిల్లలు స్టీలు రేకుల మొఖం చూసుకుంటరు.
అందుల అందరి మొఖాలూ కొంచెం వంకరే.

రాత్రి బువ్వ తిన్నంక చెంచాలు లెక్కపెట్టాలె.
ఇరవై మూడు పోతే ఇరవై మూడు రావాలె.
మా అమ్మ బీడీల కట్టలు చూసుకున్నట్టు చూసుకుంట,
వేలు ఆగదు, పెదవి కదలదు.
ఒక్కటి తక్కువైతే కార్ఖానాల కూలి కోస్తరని
కోరుట్లలనే నేర్చిన లెక్క.

మొన్న బేస్తవారం ఇరవై రెండే వచ్చినయి.

తలుపులు మూసిండ్రు. పరుపులు లేపిండ్రు.
ఏసీ జాలీలల్ల టార్చి కొట్టిండ్రు.
పిల్లలు గోడకు నిలబడ్డరు, చేతులు కనబడేటట్టు.
బయట ఉక్కపోత. గాలిల సముద్రం కంటే
ఫ్యాక్టరీ వాసనే ఎక్కువ.
లోక్ బహదూర్‌కు అది వరుసగ తొమ్మిదో రాత్రి.
సెలవు మీద పోయినోని జాగల ఆయన్ని వేసింది నేనే.
రోస్టరుల నా సంతకం ఉన్నది.

యఖ్దాన్ నవ్విండట.
పదిహేనేండ్ల పోరడు. మేనమామ బండి తీసుకపోయి
ఎండిన వాదిల తలకిందులు చేసినోడు.
పక్క సీట్ల కూసున్న దోస్తు మళ్ల లేవలేదు.
అప్పటిసంది వీనికి నిద్ర లేదు.
పేరుకు అర్థమే మెలకువున్నోడని
మా సూడాన్ కౌన్సిలర్ చెప్పిండు.
భయమైతే నవ్వుతడని ఫైలుల రాసి ఉన్నది.
ఆ ఫైలు గార్డులకు చూపెట్టరు.

చెంపదెబ్బ నేను వినలేదు.
నేనొచ్చేసరికి
ఇరవై రెండు మంది కిందికి చూస్తున్నరు,
ఒక్కడు నాదిక్కు.

చెంచా మజ్బూస్ గంగాళం అడుగున దొరికింది.
వంటాయన మాడు గీకుతుంటే టంగుమన్నదట.

ఇగ కాగితం మిగిలింది.
ఎవరు, ఎప్పుడు, ఏ చెయ్యి. మూడు ప్రతులు.
లోక్ బహదూర్ నా ముందర నిలబడ్డడు,
కుడిచెయ్యిని ఎడమచేతిల పట్టుకొని,
ఇంకొకల్ల సామాను లెక్క.
ఇంటికాడి కష్టం చెప్తడేమో అని చూసిన.
"చెంచా దొరికిందా సార్" అన్నడు, అంతే.

రాస్తే వీసా క్యాన్సిల్, వారంల విమానం.
రాయకపోతే రేపు ఇంకో చెంప.
నన్ను కూడ ఒకడు కొట్టిండు, పన్నెండేండ్ల కింద,
లేబర్ క్యాంపుల, నీళ్ల పైపు కాడ.
ఆ దెబ్బకు ఎక్కడా కాగితం లేదు.
అందుకే ఇంక పోలేదు కావచ్చు.

పోరణ్ణి అడగాలె, అది రూలు.
మంచం అంచు మీద కూసున్నడు.
నాకొచ్చిన ముక్కల అరబ్బీల అడిగిన.
వాడు చెంప ముట్టుకోలేదు. నన్నే అడిగిండు:
"ఆయన్ని ఏం చేస్తరు?"
"ఇంటికి పంపుతరు."

కొద్దిసేపు ఏసీ మోత.
"ఇంటికా?"
నేను మాట తప్పు పలికిన్నేమో,
సరిచేస్తున్నట్టు మళ్ల అన్నడు, మెల్లగ, "ఇంటికి?"
"అవును."
"కొట్టినందుకా?"

గోడ దిక్కు చూసిన.
పెన్సిలు ఇయ్యం వీళ్లకు. గోరుతోటి గీసిండు,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం, కట్టలు కట్టలు.

ఫజర్ పిలుపుకు ముందే రాసిన.
లోక్ బహదూర్ చెయ్యి రాసిన.
తొమ్మిది రాత్రులు రాసిన, వేసినోని పేరుతోటి.
చూపెట్టని ఫైలు సంగతి రాసిన.
చెంచాలు ఇరవై మూడు, అది కూడ.
ఆఖర్న ఒక గడి ఉంటది, ఏం శిక్ష సిఫారసు చేస్తున్నవని.
దాంట్ల 'ఇంటికి' అని రాయబోయిన.
పెన్ను ఆగిన కాడ చుక్క పడ్డది,
కార్బన్ కిందికెళ్లి మూడు ప్రతులల్లకు.

పొద్దటి బస్సుల నా పక్క సీటు ఆయనదే.
కాగితం నా సంచిల ఉన్నదని తెలుసు.
తెలిసి కూడ, రౌండబౌట్ దాటకముందే
నా భుజం మీద తల వాల్చి నిద్రపోయిండు.
ఒళ్లె కుడిచెయ్యి తెరుచుకొని ఉన్నది.
వేళ్లు ఒక్కొక్కటే కదులుతున్నయి,
నిద్రల దేన్నో లెక్కపెడుతున్నట్టు.