పాత తిత్తి

మెళియాపుట్టిలో బస్సు దిగాను.
భుజాన సంచి, సంచిలో జానెడు మేకతోలు,
సరేసు డబ్బా, పొగాకు డబ్బాలో నాలుగు ఇత్తడి రీడ్లు.
ఏటేటా మట్టల ఆదివారానికి ముందు వారం
కొండ మీది గుళ్ళలో హార్మోనియాలు
నా కోసం దగ్గుతూ కూర్చుంటాయి.

తోవ చూపడానికి సవర ఎలీసమ్మ వచ్చింది.
జీడితోటల్లోంచి ముందు నడుస్తూ
వెనక్కి తిరక్కుండానే మాట్లాడుతుంది.
"ఇక్కడ ఊపిరి దాసుకో బావూ, పైన కావాల."

దొరల కాలం నాటి గుడి. మూరెడు మందం గోడలు.
సున్నంలో బెల్లం కలిపి గానుగ ఆడించారట.
చీమలు ఆ మాట ఇంకా నమ్ముతాయి,
బారులు తీరి ఆ గోడే ఎక్కుతాయి.
గుమ్మం రాతి మీద సంవత్సరం చెక్కారు గానీ
మధ్య రెండంకెలూ వాన తినేసింది.
"వందేళ్ళుంటాయా?"
"మా తాత ఈ రాయి మోసినప్పుడు
ఆడికింకా మీసం రాలేదు."
అదీ లెక్క. రాసుకున్నాను.

గుడి వెనక నలభై అడుగులు నడిస్తే
వెదురు గడ ఆనించిన జీలుగు చెట్టు,
మెడకు కుండ కట్టుకుని, ఎవరినీ పిలవకుండా.
అది ఆమె తమ్ముడు లక్కాయిది.
లక్కాయి గుడికి రాడు.
గుడే ఒకసారి లక్కాయి దగ్గరికి వచ్చింది.

తిత్లీ గాలి కొట్టిన ఏడు.
జీడిచెట్లు వేళ్ళు పైకి పెట్టి పడుకున్నాయి.
టెక్కలి నుంచి రావాల్సిన ద్రాక్షరసం సీసా
తెగిన కల్వర్టుకి అవతలే ఉండిపోయింది.
తెల్లారితే ప్రభువు బల్ల.
పాస్టరు యోనా గారు చీకటితోనే వచ్చి
చెట్టు కింద నిలబడి, పైకి చూడకుండా అడిగారట,
"పులవక ముందుది ఉందేటి?"

లక్కాయి నవ్వలేదు.
ఈ ముక్క ఎలీసమ్మ మూడుసార్లు చెప్పింది.
కుండ దించాడు. మూతికి గుడ్డ కట్టి
ఈగల్నీ చెత్తనీ వడగట్టాడు.
"పొద్దెక్కితే నా పూచీ లేదు.
పాటలు సిన్నవి పాడండి" అన్నాడు.

రెండే పాటలు పాడారట. ప్రసంగం మానేశారు.
ఊళ్ళో ముసిలోళ్ళు ఇప్పటికీ
ఆ ప్రసంగమే బాగుండేదంటారు.

నేను హార్మోనియం విప్పాను.
లోపల కందిరీగ మట్టిగూడు, ఎలుక కొరికిన చందా రసీదు,
ఎండిపోయిన ఇప్పపువ్వు ఒకటి,
ఎవరి జుట్టులోంచి ఏ పాటకి రాలిందో.
తిత్తి మడతల్లో మూడు చిల్లులు.
పాత అతుకులన్నీ నావే,
నా చేతిరాతలా వంకరగా ఉన్నాయి.

"కొత్తది కొందామంటోంది కమిటీ," అన్నారు యోనా గారు,
"కరెంటుతో పలికేది."
"పాత తిత్తి గదా" అన్నాను.
ఆయన నా మొహం చూశారు,
తర్వాత కిటికీలోంచి జీలుగు చెట్టు వైపు చూశారు.
ఇద్దరం ఇంకేమీ అనలేదు.

సరేసు ఆరే దాకా ఎండలో కూర్చోవాలి.
నొక్కితే "గ" దగ్గర ఇంకా కొంచెం గుర్రు ఉంది.
అది ఉంచేశాను.
ఆ గుర్రు లేకపోతే ఎలీసమ్మ
సరైన చోట పాట ఎత్తుకోలేదు.

దిగేటప్పుడు యోనా గారు నూటయాభై ఇచ్చారు.
లక్కాయి ఆనపకాయ డొల్ల నిండా పోసిచ్చాడు.
మధ్యాహ్నం రెండయింది. పొద్దు బాగానే ఎక్కింది.
నాకు పాడాల్సిన పాటలేవీ లేవు.

కొండవాగు దగ్గర కూర్చుని సగం తాగాను.
కొండ అవతల ఇంకో గుడి ఉంది,
దాని తిత్తికి రేపు తోలు కావాలి.
మిగిలిన సగం దారిలో తొణక్కుండా
సంచిలోంచి ఆ ఆఖరి తోలుముక్క తీసి
డొల్ల మూతికి బిగించి కట్టాను.

రేపటి సంగతి రేపు.
ముందు నడుస్తున్న ఎలీసమ్మ
వెనక్కి తిరగలేదు గానీ
భుజాలు నవ్వుతున్నాయి.