ఏటి పేరు ఏటి?

నెల్లిమర్ల దాటగానే జీపు ఆగింది.
దీనికి దాహమేసిందన్నాడు గవరయ్య.
చంపావతిలో ఇసక తప్ప ఏమీ లేదు.
చెలమ తవ్వుకుని ఒకామె
చిప్పతో చిప్పెడు చిప్పెడు తోడుకుంటోంది.
నిండిన బిందె మా జీపుకి పోసేసి
మళ్లీ మొదట్నించీ కూర్చుంది.
ఏ ఊరని కూడా అడగలేదు.

నా పని లెక్క రాయడం.
రోడ్డు వెడల్పవుతుంది,
అటూ ఇటూ నలభై అడుగుల్లో ఏమున్నాయో చూసి రమ్మన్నారు.
తాటిచెట్లు, బోరింగులు, మైలురాళ్లు,
మనుషుల పేర్లున్న రాళ్లు.
ఈ చివరివాటికి ఫారంలో గడి లేదు.
ఇతరములు అని రాయమన్నారు.

చీపురుపల్లి దారిలో ఒక ఇతరము.
మోకాలెత్తు దిమ్మ, సున్నం పెచ్చులూడింది.
ఈ మెట్టకు మొదట బడి తెచ్చిన
లోపింటి పకీరు మాస్టారు.
బడి ఎక్కడుందంటే
మేకల కుర్రాడు దిమ్మనే చూపించాడు.
దాని వీపు మీద బొగ్గుతో ఎవరిదో ఎక్కం:
పదమూడైదులు అరవై ఐదు.
సరిగ్గానే ఉంది.

రాజాం దాటాక గోగు ఊరబెట్టిన కంపు
జీపులోకెక్కి మాతోనే వచ్చింది.
కల్వర్టు పక్కన ఇంకో రాయి, అక్షరం లేదు.
గునపం బొమ్మ, తట్ట బొమ్మ, అంతే.
మొదటిసారి కంకర పరిచినప్పుడు
కలరాకి పోయినవాళ్లట, ఎంతమందో తెలీదట.
ఎన్ని అని రాయను?
ఒకటి అని రాశాను. రాయి ఒకటే కదా.
గవరయ్య కాలుస్తున్న బీడీని
సగంలో ఆపి అక్కడ పెట్టొచ్చాడు.

నాగావళి దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది.
పైన కొత్త వంతెన, కింద ఎవరికీ పనిలేని రేవు.
రేవు రాతి మీద చోళ్లు ఎండబోసి
అడ్డపొగ పీలుస్తోంది పారమ్మ.
చోళ్లు పక్కకి తోసి చదివాను:
ఇక్కడ మొదట పడవ వేసిన తవిటయ్య.
సంవత్సరం దగ్గర రాయి పగిలింది.

"మా తాత. ముందు పుట్టినోలు నలుగురూ పోనారు.
ఈడైనా బతకాలని
సేరు తవుడికి అమ్మేసి మల్లీ కొనుక్కున్నారంట.
సేరు తవుడు కరీదు మనిసి
ఊర్లకూర్లే దాటించీసినాడు.
శవానికి డబ్బుచ్చుకునీవోడు కాడు.
పెల్లోరి కాడ రెండింతలు లాగీవోడు."

ఏట్లోనే పోయాడా?
"అందరూ అదే అడుగుతారు.
మంచం మీదే, జొరమొచ్చి."

ఫారం తీశాను. ఏటి పేరు?
"ఏటి?"
అదేనమ్మా, ఏటి పేరు.
"నానూ అదే అడగతన్నాను బాబూ, ఏటి?"
మా గుంటూరు వైపు ఆ మాటకి ఏరొక్కటే తెలుసు.
ఇక్కడ అదే ఏరు, అదే ప్రశ్న.
గవరయ్య నవ్వాపుకోలేక విడమరిచి చెప్పాడు.
ఆమె చుట్ట నోట్లోంచి తీసి
నీళ్లవైపు ఒకసారి చూసింది.
"ఏరుకి పేరెందుకు?
పిలిస్తే వొస్తాదేటి?"

ఎర్రరంగుతో రాతి మీద ముప్పై ఒకటి వేశాను.
"మా తాత కంటే ముందు ముప్పైమందున్నారేటి?"
అని కొంచెం చిన్నబుచ్చుకుంది.
రంగు ఆరనివ్వలేదు,
చోళ్లు మళ్లీ దగ్గరికి లాగి పరిచేసింది.

వంతెన దాటడానికి నిమిషం చాలు.
గవరయ్య ఎందుకో రెండో గేరులోకి దిగాడు,
అద్దం దించి ఒక రూపాయి కిందికి విసిరాడు.
అది ఎవరి రేటో నేనడగలేదు.
నా జేబులన్నీ వెతికాను, చిల్లర లేదు.
వేళ్లకి ఎర్రరంగు,
బొటనవేలి గోటికింద
ఒక చోడిగింజ.