సీసా మీద తారీఖు

రుస్తాక్‌ల పొద్దు పొడవకముందే
సీసాల పెట్టె ఎత్తుకొని బుగ్గకాడికి పోతం.
మూడుసార్లు ఆ నీళ్లతోనే కడిగి
నాలుగోసారి నింపాలె.
గాలిబుడగ ఒక్కటి కనపడ్డా
షంసా మేడం మళ్లీ పారబోపిస్తది.

నలభై నాలుగు పాయింటు ఆరు, చదివిన.
రాసుకున్నది.

కింద అగ్గికొండ ఏమన్నా ఉన్నదా అని
మొదటిరోజే అడిగిన.
నవ్వింది. లేదన్నది.
అగో, ఆ జబల్ మీద ఎన్నడో పడ్డ వాన
సున్నపురాతి పగుళ్లు పట్టుకొని
దిగీ దిగీ దిగీ
భూమి తన ఒంటివేడి దాచుకున్నకాడిదాక పోయిందట.
అంతే. పొయ్యి లేదు, కట్టె లేదు.

అది నాకు చెప్పాల్నా?
గోదావరిఖనిల ఆరేండ్లు బదిలీ ఫిల్లర్‌గ చేసిన.
దిగినకొద్దీ అంగీ వీపుకు అతుక్కునేది,
గోడకు చెయ్యి ఆనిస్తే
జరమొచ్చిన పిల్ల నొసలు లెక్క తగిలేది.
ఉడుకు పైనుంచే రాదన్న సంగతి
తట్టా చెమ్మస్ పట్టినోనికి ఎరుకే.

ఒక్కటే అర్థం కాలే.
నీరు పల్లమెరుగు అంటరు మా దిక్కు.
దిగిన నీళ్లు దిగినకాడనే ఉండాలె గద,
పైకి ఎట్లెక్కినయి?

మేడం చెప్పు మొనతోని మట్టిల గీత గీసింది.
ఇటు తెల్లరాయి. అటు నల్లరాయి,
అది ఒకప్పటి సముద్రం అడుగు.
నల్లరాయి తొవ్వ ఇయ్యది.
ఎనకనుంచి కొండెత్తు నీళ్లు నూకుతనే ఉంటయి.
నడుమ ఒక పగులు దొరికింది.
పైకి రాక ఏం చేస్తయి?

ఐన్ అంటే అరబ్బీల ఊట,
కన్నుకు కూడా అదే మాట, అన్నది.
మేం బుగ్గ అంటం,
చెంపను గూడ అట్లనే అంటం, అని చెప్పిన.
కంటికీ బుగ్గకూ నడుమ జారే ఉడుకునీళ్లు
ఇద్దరికీ ఒక్కసారే యాదికొచ్చినట్టున్నయి.
ఆమె థర్మామీటరు తుడుచుకున్నది.
నేను మూతలు లెక్కపెట్టిన.

ఖల్ఫాన్ తాత మోకాళ్లదాక ముంచుకొని కూసున్నడు.
ఎన్నేండ్ల నీళ్లు ఇవి, అన్నడు.
సీసాలు లేబుకు పోయినంక తెలుస్తది, అన్న.
వందో, వెయ్యో, ఇంకెక్కువో.
"నా మోకాళ్లకంటే పాతవే అయితయి తియ్"
అని కాళ్లు ఆడించిండు.
సుద్దలెక్క తెల్లని పొర ఒకటి
ఆయన మడిమెల చుట్టూ తిరిగి పోయింది.

పద్దెనిమిదో సీసా మూత బిగించిన.
అరచేతిల ఇంకా వెచ్చగనే ఉన్నది,
ఇప్పుడే పెట్టిన కోడిగుడ్డు లెక్క.
చిట్టీ మీద తారీఖు రాయాలె.
వాన పడ్డనాటిదా,
పైకొచ్చిననాటిదా?
పెన్ను పట్టుకొని కొంచెంసేపు ఆగిన.
మేడం జీపులనుంచి హారన్ కొట్టింది.

ఈ పొద్దుటిదే రాసిన.

ఫలజ్ కాలువల నీళ్లు అప్పటికే
ఖర్జూరం తోటలకు మళ్లినయి,
చల్లారుకుంట, తొందరేం లేకుంట.